అక్షరం దగ్గరే మొదలయ్యే డిజైన్: తెలుగు వెబ్‌సైటు చూడముచ్చటగా ఉండి, వెతికితే దొరకాలంటే

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక దుకాణం కొత్తగా వెబ్‌సైటు పెట్టుకుందని అనుకుందాం. తెరవగానే నిజాం అంచు చీర ఫొటో తెర నిండా పరుచుకుంటుంది. దాని మీద బంగారు రంగు తెలుగు అక్షరాల్లో దుకాణం పేరు, చీరల రకాలు, ధరలు, పండుగ తగ్గింపు, ఫోన్ నంబరు అన్నీ ముచ్చటగా అమరి ఉంటాయి. చూసినవారందరూ బాగుందంటారు. నెలలు గడిచినా ‘మంగళగిరి కాటన్ చీరలు’ అని గూగుల్‌లో వెతికినవారికి మాత్రం ఆ సైటు తారసపడదు. ఎందుకంటే కంటికి అక్షరాల్లా కనిపిస్తున్నవన్నీ నిజానికి ఫొటోలో కలిసిపోయిన రంగు చుక్కలు. బొమ్మలోని రాతను గుర్తుపట్టే సాంకేతికత ఎంత పెరిగినా, ముఖ్యమైన సమాచారాన్ని బొమ్మల్లో ఇరికించవద్దని గూగులే సైటు యజమానులకు చెబుతుంది. చూపు లేనివారి ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ ఆ ధరను చదివి వినిపించలేదు. దాన్ని కాపీ చేసి అక్కకో వదినకో వాట్సాప్‌లో పంపుదామనుకున్న కొనుగోలుదారుకూ అది చేతికి రాదు.

సాధారణంగా ఒక సైటు తయారీలో మూడు పనులు మూడు చేతుల్లో ఉంటాయి. అందం డిజైనర్‌ది, పనితీరు డెవలపర్‌ది, సెర్చ్‌లో స్థానం చివర్లో పిలిచే ఎస్‌ఈవో (సైటు సెర్చ్‌లో పైన కనిపించేలా చేసే పని) నిపుణుడిది. ఇంగ్లీషు సైట్లలో ఈ విభజన ఎలాగో నెట్టుకొస్తుంది, ఎందుకంటే అక్కడి పరికరాలన్నీ రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొనే పుట్టాయి. తెలుగులో అలా కుదరదు. ఫాంటు ఎంపిక, వరుసల మధ్య ఎడం, మాటల ఎంపిక, లింకు చిరునామా వంటి నిర్ణయాలలో ప్రతి ఒక్కటీ అందాన్నీ సౌలభ్యాన్నీ సెర్చ్‌నీ ఒకేసారి తాకుతుంది. అందువల్ల తెలుగు సైటు రూపకల్పనను రంగుల దగ్గర కాకుండా అక్షరం దగ్గర మొదలుపెట్టాలి.

అక్షరాలు బొమ్మలైపోవడం వెనక కొంత చరిత్ర ఉంది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటర్‌లో ఒక్కో సంకేతాన్ని కేటాయించే ప్రమాణమైన యూనికోడ్ తొలి రూపం 1991లోనే వచ్చింది, అందులో తెలుగుకు 128 స్థానాల గడి ఒకటి కేటాయించారు. అయితే ఆ ప్రమాణం సామాన్యుడి కంప్యూటర్‌లోకి రావడానికి విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చేదాకా, అంటే ఇంచుమించు పదేళ్లు పట్టింది. ఈలోగా తెలుగు దినపత్రికలు నెట్‌లోకి వచ్చేశాయి. ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు ఉండేది. రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు కూర్చి తయారుచేసిన ఆ ఫాంటు పాఠకుడి కంప్యూటర్‌లో ఉంటేనే వార్త తెలుగులో కనిపించేది, లేకపోతే అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు ఎదురయ్యేది. సెర్చ్ ఇంజన్‌కు దొరికిందీ ఆ గుంపే. ఆ కాలపు వేలాది వార్తలు తెలుగు మాటలతో వెతికితే దొరకకుండా ఉండిపోయాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు ‘పద్మ’ అనే పొడిగింపును తయారుచేయవలసి వచ్చిందంటే ఇబ్బంది ఎంతటిదో ఊహించవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా తొలినుంచీ యూనికోడ్‌లో ఉన్నందునే, తర్వాతి కాలంలో ఎన్నో తెలుగు మాటలు వెతికినప్పుడు అది పైవరుసల్లో కనిపించే స్థితికి వచ్చింది.

పత్రికలు యూనికోడ్‌కు మారాయి గాని డీటీపీ సెంటర్లు పూర్తిగా మారలేదు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు ఈనాటికీ ఎక్కువగా అను ఫాంట్ల వంటి పాత పద్ధతి అక్షరాలతోనే తయారవుతాయి. అచ్చుకు అవి చక్కగా పనికొస్తాయి, వాటి సొగసూ తక్కువేమీ కాదు. కానీ కరపత్రం కోసం టైపు చేయించిన పాఠాన్నే వెబ్‌సైటులో పెట్టబోతే అక్షరాలు చెదిరిపోతాయి, దాంతో దాన్ని ఫొటోగా మార్చి పెట్టేయడమే తేలిక దారి అవుతుంది. దుకాణదారు తప్పేమీ లేకుండానే అతని సరుకు వివరాలన్నీ సెర్చ్‌కు అందకుండా పోవడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం ఇదే. పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉచితంగా దొరుకుతున్నాయి. మార్చాక వత్తులు, పొల్లులు సరిగా వచ్చాయో లేదో ఒక మనిషి కూర్చుని చదివి సరిచూడటం తప్పనిసరి.

నిజమైన అక్షరాలు పెట్టగానే సగం పని అయినట్టే. రెండో సగం వాటిని చదవగలిగేలా చూపించడం. రోమన్ అక్షరాలు పైనా కిందా కొద్దిపాటి జాగాతో సరిపెట్టుకుంటాయి. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తులుంటాయి. ‘రాష్ట్రం’ అనే ఒక్క మాటలోనే ష కింద టవత్తు, దానికి తోడు రవత్తు చేరతాయి. ఇంగ్లీషు కోసం తయారైన టెంప్లేట్లు వరుస ఎత్తును అక్షర పరిమాణానికి 1.2 నుంచి 1.5 రెట్లుగా పెడతాయి. ఆ కొలతలో తెలుగు పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకి, పేజీ అంతా చీమలు పాకినట్టు కనిపిస్తుంది. 1.7 రెట్లకు అటూ ఇటూగా పెడితేనే కంటికి ఊపిరాడుతుంది. అక్షర పరిమాణమూ అంతే. ఇంగ్లీషుకు సరిపోయే 16 పిక్సెళ్లు తెలుగుకు చాలవు, కనీసం 18 ఉంటే నడివయసు పాఠకులు కళ్లద్దాలు సవరించుకోకుండా చదవగలుగుతారు. ఎత్తు బిగించిన బటన్లలో, మెనూ గడుల్లో వత్తులు తెగిపోవడం మరీ తరచుగా కనిపించే లోపం. అక్కడ ఎత్తును అంకెలో బిగించకుండా లోపలి మాటను బట్టి పెరిగేలా వదిలేయాలి.

ఇంగ్లీషు టెంప్లేట్లతో వచ్చే మరికొన్ని అలంకారాలు తెలుగులో అక్కరకు రావు. తెలుగు అచ్చు సంప్రదాయంలో ఇటాలిక్ లేదు, కాబట్టి బ్రౌజర్ మామూలు అక్షరాన్నే పక్కకు వంచి చూపుతుంది, అది పడిపోతున్నట్టు ఉంటుంది. మాటను నొక్కి చెప్పాలంటే కొంచెం మందమైన అక్షరమో, వేరే రంగో చాలు. అక్షరాల మధ్య ఎడం పెంచే అలంకారం రోమన్ శీర్షికలకు హుందాతనం ఇస్తుందేమో గాని, తెలుగులో మాటను ముక్కలు చేస్తుంది. ఇక సంధులతో, సమాసాలతో సాగే పొడవాటి మాటలు ఇరుకైన ఫోన్ తెరను దాటి పక్కకు పొర్లిపోతాయి. మాటను అవసరమైన చోట విరిచేలా స్టైల్ షీటులో, అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో, ఏర్పాటు చేయడం ఒక మార్గం. శీర్షికల్లో అంతంత సమాసాలు లేకుండా రాయడం అంతకంటే మంచి మార్గం.

ఫాంటు ఎంపికలో ఇప్పుడు కొరత లేదు. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు, మండలి వంటివి పాఠానికి బాగా నప్పుతాయి, రామభద్ర వంటివి శీర్షికలకు నిండుదనం ఇస్తాయి. సిలికానాంధ్ర ద్వారా ఉచిత లైసెన్సుతో వచ్చిన ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లు చూసినప్పుడు రాయల ఆస్థానం కంప్యూటర్‌లోకి నడిచి వచ్చినట్టు ఆనందం కలుగుతుంది. అయితే అందమైన ఫాంట్లన్నీ ఒకే పేజీలో గుప్పించాలన్న కోరికను అణచుకోవాలి, ఎందుకంటే తెలుగు ఫాంటు బరువైనది. రోమన్ ఫాంటుకు కొన్ని వందల ఆకృతులు చాలు. తెలుగుకు ప్రతి హల్లూ, దాని గుణింతంలోని కలయికలు, వత్తు రూపాలు విడివిడిగా గీయాలి, కాబట్టి కుదించని ఫైలు వందల కిలోబైట్లలో ఉండటం మామూలే. పాఠానికి ఒకటి, శీర్షికకు ఒకటి, అంతకు మించి వద్దు. వాటినీ వెబ్ ఫాంట్ల కోసమే ఉన్న వోఫ్ 2 రూపంలో కుదించి, వాడని మందాలను వదిలేసి పంపాలి.

ఇంకో సూక్ష్మం కూడా ఉంది. ఫాంటు దిగేలోపు పాఠం కనిపించకుండా ఆపవద్దని, ముందు ఫోన్‌లో ఉన్న ఫాంటుతో చూపి తర్వాత అసలుది మార్చమని నిపుణులు చెబుతారు. సలహా మంచిదే. కానీ తెలుగు ఫాంట్ల మధ్య కొలతల తేడా చాలా ఎక్కువ. ఒకే 18 పిక్సెళ్ల దగ్గర ఒక ఫాంటు పెద్దగా, మరొకటి చిన్నగా కనిపిస్తుంది. ఫాంటు మారగానే పేరా పొడవు మారి, పాఠకుడు చదువుతున్న వరుస కిందికో పైకో జారిపోతుంది. ఈ జారుడును గూగుల్ కొలుస్తుంది కూడా. తాత్కాలిక ఫాంటు పరిమాణాన్ని అసలు ఫాంటుకు దగ్గరగా సర్దే సదుపాయం స్టైల్ షీటులోనే ఉంది. తెలుగు సైట్లు తయారుచేసేవారు దాన్ని ఇంకా తగినంతగా వాడుకోవడం లేదు.

గూగుల్ కొలతల సంగతి ఇక్కడే చెప్పుకోవచ్చు. 2020లో ప్రకటించి, 2021 నుంచి ర్యాంకింగ్‌లో లెక్కలోకి తీసుకుంటున్న కోర్ వెబ్ వైటల్స్ అనే పేజీ పనితీరు కొలతల్లో ఇప్పుడు మూడు కొలమానాలున్నాయి. తెరలోని అతిపెద్ద అంశం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కిన వెంటనే 200 మిల్లీసెకన్లలోపు పేజీ స్పందించాలి. ఈ కొలమానం 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది. పేజీ జారుడు సూచీ 0.1 దాటకూడదు. వీటిని ప్రయోగశాలలో కాకుండా నిజమైన సందర్శకుల బ్రౌజర్లలో కొలిచి, నూటికి 75 సందర్శనల్లో ఈ హద్దులోపల ఉన్నాయా అని చూస్తారు. హైదరాబాదులో డెవలపర్ కంప్యూటర్‌లో పేజీ రెప్పపాటులో తెరుచుకోవచ్చు, కానీ లెక్కకు వచ్చేది పల్లెలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చవక ఫోన్‌లో దాని నడక. వేగం ఒక్కటే పైకి తెస్తుందని మాత్రం అనుకోకూడదు. అడిగిన ప్రశ్నకు జవాబున్న పేజీ కొంచెం నెమ్మదైనదైనా, జవాబులేని వేగవంతమైన పేజీ కంటే ముందే ఉంటుందని గూగుల్ స్పష్టంగానే చెబుతూ వచ్చింది.

వేగాన్ని తినేసేది పాఠం కాదనడానికి ఒక చిన్న లెక్క చాలు. యూనికోడ్ అక్షరాలను వెబ్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. మాటకు సగటున ఎనిమిది సంకేతాలు అనుకుంటే వెయ్యి మాటల తెలుగు వ్యాసం 24 కిలోబైట్ల దగ్గర తేలుతుంది, కుదిస్తే అందులోనూ బాగా తగ్గుతుంది. ఫోన్‌తో తీసి, తీసినట్టే ఎక్కించిన ఒక చీర ఫొటో మూడు నాలుగు మెగాబైట్లు ఉంటుంది. అంటే వంద వ్యాసాల కంటే ఎక్కువ బరువు. చీరల దుకాణానికి ఫొటోలే ప్రాణం కాబట్టి వాటిని మానుకోమనడం తగదు. తెరకు సరిపడే వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ వంటి తేలికైన ఫొటో రూపంలోకి మార్చి, ప్రతి ఫొటోకు వెడల్పు, ఎత్తు ముందే రాసిపెట్టి, తెర కిందుగా ఉన్న ఫొటోలను పాఠకుడు అక్కడికి వచ్చినప్పుడే దిగేలా చేస్తే, నేత నాణ్యత కనిపిస్తూనే పేజీ తేలికపడుతుంది.

తెలుగు పాఠకుల్లో అత్యధికులు నెట్‌ను ఫోన్‌లోనే చూస్తారు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైన తర్వాత కంప్యూటర్ ముఖమే చూడని కోట్లమంది నేరుగా ఫోన్‌తో నెట్‌లోకి వచ్చారు. గూగుల్ కూడా 2015 ఏప్రిల్ 21 నుంచి ఫోన్‌కు అనువైన పేజీలకు మొబైల్ సెర్చ్‌లో మొగ్గు ఇవ్వడం మొదలుపెట్టి, 2016లో ప్రకటించిన మొబైల్ ప్రాధాన్య సూచికను (పేజీల ఫోన్ రూపాన్నే ప్రధానంగా చదివి తన జాబితాలో చేర్చుకునే పద్ధతిని) 2023 నాటికి పూర్తిచేసింది. ఇప్పుడు అది సూచికలో చేర్చుకునేది ఫోన్‌లో కనిపించే పేజీనే. చోటు చాలదని ఫోన్ రూపంలోంచి చీర వివరాలను తీసేస్తే, కంప్యూటర్ రూపంలో అవి ఎంత చక్కగా ఉన్నా సెర్చ్‌కు లేనట్టే. పేజీ తెరవగానే ప్రకటన తెరనంతా కప్పేసే పద్ధతి మీద 2017 జనవరి నుంచి గూగుల్ చిన్నచూపు చూస్తోంది. అయినా మన భాషలో వార్త చదవబోయిన పాఠకుడు ప్రకటన మూసే చిన్న గుర్తు ఎక్కడుందో వెతుక్కునే పరిస్థితి ఇంకా పోలేదు. పాఠకుడి ఓపికను ఇలా ఖర్చుచేయడం దీర్ఘకాలంలో ఎవరికీ లాభం కాదు.

ఇంతవరకూ చెప్పుకున్నవన్నీ ఏ డెవలపరైనా శ్రద్ధపెడితే సరిచేయగలిగినవి. అసలు కష్టం మాటల దగ్గర ఉంది. తెలుగువారు ఒకే విషయాన్ని ఎన్ని రకాలుగా వెతుకుతారో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ‘గద్వాల చీరలు’ అని తెలుగులో రాసేవారుంటారు, ‘గద్వాల్ సారీస్’ అని తెలుగు లిపిలో ఇంగ్లీషు రాసేవారుంటారు, తెలుగు మాటలనే రోమన్ లిపిలో టైపు చేసేవారుంటారు, పూర్తి ఇంగ్లీషులో రాసి చివర ‘ఇన్ తెలుగు’ అని చేర్చేవారూ ఉంటారు. గూగుల్ 2017లో తెలుగు మాటను విని టైపు చేసే సదుపాయం తెచ్చాక, ‘మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతాయి’ అని నిండు వాక్యంతో అడిగేవారు కూడా చేరారు. చీర అనే మాటే చీర, చీరె అని రెండు రూపాల్లో వినిపిస్తుంది. విభక్తులు చేరితే చీరలకు, చీరలతో, చీరల్లో అని రూపాలు పెరుగుతూ పోతాయి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి అరువు మాటలో ట పొల్లు తర్వాత వ విడిగా రావడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని సంకేతం పెట్టాలి. దాన్ని పెట్టకపోతే వకారం వత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది, కొందరు మధ్యలో ఖాళీ వదులుతారు, పాత తరం వారు ‘సాఫ్టువేరు’ అని రాస్తారు. మనిషికి అన్నీ ఒకటే, యంత్రానికి మాత్రం నాలుగు వేర్వేరు అక్షర వరుసలు.

పెద్ద సెర్చ్ ఇంజన్లు ఈ తేడాల్లో చాలావాటిని కలిపి చూడటం నేర్చుకున్నాయి. సైటులోపలి వెతుకుడు పెట్టె మాత్రం అలా నేర్చుకుని ఉండదు. అందులో ‘కాటన్’ అని కొడితే నూలు చీరలు కూడా రావాలన్నా, కనిపించని సంకేతం ఉన్నా లేకున్నా ఒకే ఫలితం రావాలన్నా ఆ ఏర్పాటు చేయవలసింది సైటు తయారుచేసేవారే. వెతికిన సరుకు దుకాణంలో ఉండి కూడా ‘ఫలితాలు లేవు’ అని చూపడం, తలుపు తీసి ఉంచి బోర్డు తిప్పి పెట్టడం వంటిది. ఇక పేజీలోని పాఠం విషయానికి వస్తే, మాట రూపాలన్నిటినీ వరుసగా గుదిగుచ్చి పేజీ అడుగున పెట్టే అలవాటు ఇంకా కొందరికి ఉంది. వెతికే మాటలను, అంటే కీవర్డులను, పేజీ కోడ్‌లో కనిపించకుండా రాసే మెటా ట్యాగును ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. సరుకులేని పేజీల మీద 2011లో, కృత్రిమ లింకుల మీద, కీవర్డుల దట్టింపు మీద 2012లో పెద్ద మార్పులతో విరుచుకుపడింది. అమ్మకందారు కొనేవారితో మాట్లాడే తీరులో రాస్తే చాలు, ఆ రూపాలు వాటంతట అవే వస్తాయి. శీర్షికలో ‘మంగళగిరి కాటన్ చీరలు’ అని, లోపల వివరణలో నూలు అని, నేత చీర అని సహజంగా రాసిన పేజీకి వేరే ఉపాయం అక్కరలేదు.

పేజీ చిరునామాను తెలుగులో పెట్టాలా, రోమన్‌లో పెట్టాలా అనే ప్రశ్న తరచూ వస్తుంది. తెలుగు వికీపీడియా చిరునామాలన్నీ తెలుగులోనే ఉండి సెర్చ్‌లో పైన నిలబడుతున్నాయి కాబట్టి ర్యాంకుకు తెలుగు లిపి అడ్డం కాదు. చిక్కల్లా పంచుకునేటప్పుడు వస్తుంది. బ్రౌజర్‌లో తెలుగులో కనిపించిన చిరునామాను కాపీ చేయగానే ప్రతి తెలుగు సంకేతం తొమ్మిది రోమన్ అక్షరాలు, అంకెలు, శాతం గుర్తుల వరుసగా మారిపోతుంది. ‘తెలుగు’ అనే మాట ఒక్కటే 54 గుర్తులవుతుంది, ‘మంగళగిరి-చీరలు’ 118 అవుతుంది. అది వాట్సాప్‌లో వచ్చినప్పుడు చూసినవారు ఏదో మోసపు లింకేమోనని జంకుతారు. చిరునామా పలకలేనిదైతే ఫోన్‌లో చెప్పడం కూడా కుదరదు. వ్యాపార సైటుకు పొట్టి రోమన్ చిరునామాయే మేలు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ డొమైన్ పేర్లు అందుబాటులో ఉండటం సంతోషించదగిన సంగతి, అటువంటి పేరును అదనంగా తీసుకుని అసలు సైటుకు మళ్లించుకోవచ్చు. ఏది ఎంచుకున్నా మాటిమాటికీ మార్చకూడదు. మార్చక తప్పకపోతే పాతదాన్నుంచి కొత్తదానికి శాశ్వత మళ్లింపు పెట్టాలి.

రెండు భాషల సైటులో తెలుగుకు ఒక చిరునామా, ఇంగ్లీషుకు ఒక చిరునామా ఉండి, ఒకదానికొకటి జంట అని హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తుతో చెప్పాలి. ఒకే చిరునామాలో బటన్ నొక్కితే భాష మారే పద్ధతిలో సెర్చ్ ఇంజన్‌కు సాధారణంగా ఒక భాషే అందుతుంది. సందర్శకుడు ఉన్న దేశాన్ని బట్టి భాషను బలవంతంగా మార్చడం ఇంకా పొరపాటు. పేజీలను చదివి వెళ్లే గూగుల్ ప్రోగ్రాము, అంటే క్రాలర్, ఎక్కువగా అమెరికా చిరునామాల నుంచే వస్తుంది, దానికి తెలుగు పేజీ కనిపించకుండా పోతుంది. పైగా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, అమ్మకు చీర పంపుదామని తెలుగులో వెతికి వచ్చినవారిని ఇంగ్లీషు పేజీకి తోసేసినట్టవుతుంది.

బటన్ల మీద, మెనూలో వాడే తెలుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లీషు సైటును యంత్రంతో అనువదిస్తే హోమ్ అనేది ఇల్లుగా మారుతుంది, బుక్ చేయడం పుస్తకంగా మారుతుంది. అనువాదకులు పూనుకుంటే ‘సమర్పించుము’, ‘వీక్షించుము’ వంటి మాటలు వస్తాయి. దుకాణంలో నిలబడి ఎవరూ అలా మాట్లాడరు. ఆర్డర్, డెలివరీ, కార్ట్ వంటివి జనం నోట నలిగిన మాటలు కాబట్టి వాటిని తెలుగు లిపిలో అలాగే ఉంచి, ‘కొనండి’, ‘ధర చూడండి’, ‘మాతో మాట్లాడండి’ అనే తేలిక క్రియలను వాటి పక్కన వాడితే, మొదటిసారి ఆన్‌లైన్‌లో కొనే అత్తగారైనా తడబడరు. ఫారాల్లో ఇంకో చిక్కు ఉంది. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెట్టడం మన పేర్లకు పొసగదు. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువారు ఏ గడిలో ఏది రాయాలో తేల్చుకోలేక ఆగిపోతారు, కొన్ని ఫారాలైతే తెలుగు లిపిలో పేరు రాస్తే చెల్లదని ఎర్రగా హెచ్చరిస్తాయి. పూర్తి పేరుకు ఒకే గడి పెట్టి ఏ లిపిలో రాసినా స్వీకరిస్తే, ఆర్డరు మధ్యలో వదిలేసి పోయేవారు తగ్గుతారు.

చూపు తక్కువవారి కోసం చేసే ఏర్పాట్లను దయాధర్మంగా చూసే ధోరణి పోవాలి, ఎందుకంటే ఆ ఏర్పాట్లే అందరికీ పనికొస్తాయి. వెబ్ అందుబాటు మార్గదర్శకాల ప్రకారం మామూలు పాఠానికి, వెనుక రంగుకు మధ్య తేడా 4.5కు 1 నిష్పత్తి అయినా ఉండాలి. ఫొటో మీద బంగారు అక్షరాలు ఈ పరీక్షలో సులభంగా తప్పుతాయి, ఎండలో ఫోన్ పట్టుకున్న ఏ మనిషికైనా అవి మసకగానే ఉంటాయి. పేజీ భాష తెలుగని కోడ్‌లో ప్రకటిస్తే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుతో చదువుతుంది. గూగుల్ ఆ ప్రకటనను పట్టించుకోకుండా పాఠాన్ని చూసే భాష తేల్చుకుంటుంది, కాబట్టి ఈ పని సెర్చ్ కోసం కాక వినేవారి కోసం చేయాలి. ప్రతి ఫొటో వెనక రాసే ఆల్ట్ టెక్స్ట్‌లో ‘ఫొటో 1’ అని కాకుండా ‘ఎర్ర నిజాం అంచు ఉన్న ఆకుపచ్చ మంగళగిరి కాటన్ చీర’ అని రాస్తే, చూడలేనివారి మనసులో చీర మెదులుతుంది, బొమ్మల సెర్చ్‌లో కూడా అది దొరుకుతుంది.

ఇవన్నీ అమరాక మిగిలే ప్రశ్న పేజీలో ఏముందన్నది. సాధారణంగా చీర పేజీలో ఫొటో, ధర, ‘అద్భుతమైన నాణ్యత’ అనే మాట ఉంటాయి. కొనేవారు తెలుసుకోగోరేది అదేమీ కాదు. నూలు ఎన్నో కౌంటు, అంచులో జరీ ఉందా, జాకెట్టు ముక్క కలిసి వస్తుందా, పొడవు ఎంత, మొదటిసారి ఉతికితే రంగు దిగుతుందా, గంజి పెట్టాలా, మగ్గం మీద నేసిందా మరమగ్గం మీదా, పంపడానికి ఎన్ని రోజులు పడుతుంది, నచ్చకపోతే తిరిగి తీసుకుంటారా, ఇవీ వారి ప్రశ్నలు. దుకాణంలో కూర్చునే పెద్దాయన వీటికి రోజుకు పదిసార్లు జవాబు చెబుతూనే ఉంటారు. ఆయన చెప్పినది చెప్పినట్టు రాస్తే అంతకు మించిన ఎస్‌ఈవో లేదు. 2022 డిసెంబరులో గూగుల్ తన నాణ్యతా మార్గదర్శకాల్లో నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయతలకు స్వానుభవాన్ని కూడా చేర్చింది. మగ్గం పక్కన పెరిగిన మనిషి మాటల్లో ఆ అనుభవం వాక్యవాక్యానా తెలుస్తుంది, పది సైట్ల నుంచి ఏరి యంత్రం చేత తిరగరాయించిన పేజీలో తెలియదు. తెలుగులో ఇటువంటి స్వంత పాఠం ఇప్పటికీ తక్కువ కాబట్టి, ఇంగ్లీషు సెర్చ్‌లో పెద్ద కంపెనీలతో పోటీపడలేని చిన్న దుకాణానికి కూడా తెలుగు సెర్చ్‌లో చోటు దొరికే అవకాశం ఎక్కువ.

ఇతర సైట్ల నుంచి వచ్చే లింకులు 1998 నుంచీ గూగుల్ లెక్కలో ముఖ్యమైనవే. అయితే వాటిని కొనడం కంటే, నేత గురించి రాసేవారు తమంతట తాము చూపించదగిన పేజీ ఒకటి తయారుచేయడం మంచిది. దుకాణం చిరునామా, వేళలు, ఫోన్ నంబరు సైటులోనూ గూగుల్ మ్యాపులోనూ ఒకేలా ఉండాలి.

సైటు మొదలైన రెండు మూడు నెలలకు, సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనాన్ని తెరిచి చూస్తే, జనం ఏ మాటలతో వెతికినప్పుడు సైటు కనిపించిందో, వారిలో ఎంతమంది నొక్కారో వరుసగా తెలుస్తుంది. ఈ పట్టికను డెవలపర్ ఒక్కడే చూడటం సరికాదు, దుకాణంలోని వారందరూ కూర్చుని చదవాలి. అందులో తెలుగు లిపి మాటలు, రోమన్ లిపి మాటలు, తప్పుగా టైపు చేసినవి, ఎవరూ ఊహించని ప్రశ్నలు కలగలిసి ఉంటాయి. ‘మంగళగిరి చీర ఉతికితే ముడుచుకుంటుందా’ అని వెతికినవారికి సైటు మూడో పేజీలో కనిపించి, ఒక్కరూ నొక్కలేదని పట్టిక చూపిందంటే, దాని అర్థం ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పేజీ ఇంకా రాయలేదని. ఆ సాయంత్రమే పెద్దాయన్ను అడిగి, చీరను మొదటిసారి ఉప్పునీళ్లలో నానబెట్టాలో వద్దో ఆయన మాటల్లోనే రాసి, తడిసి ఆరిన చీర ఫొటో ఒకటి దాని పక్కన పెట్టవచ్చు.